సంపులోంచి వచ్చిన జవాబు

నవ్వితే నవ్వండి గానీ, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. మా అమ్మ మీద ఒట్టు. 2003 ఎండాకాలం. నేను వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ హూడిలో ఒక మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి.

కింద ఇంటి ఓనరు మునిరాజప్ప. నేవీలో డైవర్‌గా చేసి రిటైరైన మనిషి. డెబ్బై ఒకటి యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఉంది చూశారూ... దాన్ని చేత్తో తాకి వచ్చినవాడు! నాకా కథంటే పిచ్చి. మనవాళ్ళు ముంచారా, లోపల దానంతటదే పేలిందా అని రోజూ ఆయన ప్రాణం తీసేవాణ్ణి. ఆయన మాట దాటేసేవాడు.

ఒక సాయంత్రం నీళ్ళ ట్యాంకర్ వస్తోందని ఫోనొచ్చింది. వీధంతా నీళ్ళకు మొహం వాచి ఉంది. ట్యాంకర్ వచ్చేలోపు సంపు కడగాలి... అదే, ఇంటి ముందు నేలలో కట్టిన నీళ్ళ తొట్టి. నిచ్చెన వేసుకుని ఇద్దరం దిగాం. దిగామో లేదో, కరెంటు పోయింది. నా చేతిలో టార్చి. పాచి వాసన... మా ఊపిరి మాకే వినిపిస్తోంది.

ఆయన స్పానర్‌తో గోడ మీద కొట్టాడు. టక్... టక్... టక్.

ఎందుకని అడిగితే, నీళ్ళలో పనిచేసినప్పటి అలవాటన్నాడు. మునిగిన ఓడలోకి దూరేముందు బయట కొట్టి, చెవి పెట్టి వినాలట. లోపల ఎవరైనా బతికుంటే తిరిగి కొడతారట. హమ్మయ్య, ఇన్నాళ్ళకు నోరు విప్పాడు! ఆగలేకపోయాను. మరి ఆ సబ్‌మెరైన్‌లోంచి జవాబొచ్చిందా అని అడిగేశాను.

ఆయన నోరు తెరవబోయాడు...

టక్.

స్పానర్ ఆయన చేతిలో ఊరికే వేలాడుతోంది.

టక్... టక్.

గోడ అవతలి నుంచి. అటు ఖాళీ సైటు. ఉత్త మట్టి. గోడకు చెవి ఆనించాను... మళ్ళీ వచ్చింది. నెమ్మదిగా... ఓపిక అయిపోయిన మనిషి కొట్టినట్టు. దాచడమెందుకు, నాకు భయం కంటే సంబరమే ఎక్కువ.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"నీకూ ఇనపడిందాప్పా? నిజం చెప్పు."

"వినపడింది సార్. బాగా వినపడింది."

ఆయన తడి నేల మీద కూలబడ్డాడు.

"ఆ పొద్దు గూడా ఇట్లనే వచ్చింది. నాకు గాలి అయిపోతా ఉండాది. నా చెవుల భ్రమనుకోని పైకొచ్చేసినా. ఎవురికీ చెప్పలే. ముప్పై ఏండ్లు భ్రమే అనుకుంటా బతికినానప్పా."

లేచి మళ్ళీ కొట్టాడు. విన్నాడు. మళ్ళీ కొట్టాడు. జవాబు లేదు. అంతలో పైన ట్యాంకర్ హారన్. డ్రైవర్ పైపు లాగుతున్న చప్పుడు... నేను ఆయన్ని పైకి రమ్మని భుజం పట్టి లాగాను.

"నీళ్ళు పోయొద్దని చెప్పు," అన్నాడు.

ట్యాంకర్‌ని తిప్పి పంపేశాం. మర్నాడు ప్లంబర్ వచ్చి, పాత పైపులో గాలేమో అన్నాడు. ఆ గోడలో పైపే లేదని ఇల్లు కట్టిన మేస్త్రీ అన్నాడు. గాలో, పందికొక్కో, ఇంకేదో... నాకు ఇప్పటికీ తెలియదు. నేనున్నన్నాళ్ళూ మేం డ్రమ్ముల్లోనే నీళ్ళు పట్టుకున్నాం. ఆ సంపులో ఒక్క చుక్క పోయనివ్వలేదాయన.