ముగ్గురి తరఫునా నేనే

మా పుస్తకాల కూటంలో మొదటి నెత్తుటి చుక్క నవల అట్ట మీద పడింది. చింతామణిలో మా మామ సెనక్కాయల మండీ పైనున్న గదిలో నెలకో ఆదివారం కూర్చునేవాళ్ళం. ఆ నెల నవలలో ఒక అన్న బోరుబావి నీళ్ళ కోసం సొంత తమ్ముణ్ణి మచ్చుకత్తితో నరుకుతాడు. రాసినాయన తొందరపడలేదు. ఒక్కో వేటుకూ ఒక్కో పేరా ఇచ్చినాడు.

"వీడు మనిషి కాదు, పశువు" అన్నాడు మామ.

తొండేభావి నుంచి వచ్చే పెద్దాయన చేతిలోని స్టీలు లోటా విసిరినాడు. ఆయప్పకూ వాళ్ళ తమ్ముడికీ మధ్య బోరుబావి మీద కోర్టు కేసు నడుస్తాండాది. మామకు ఆ సంగతి తెలుసు. తెలిసే అన్నాడు. మా మామ సాహిత్య విమర్శ ఎప్పుడూ అంతే, ఎదురుగా కూర్చున్నవాణ్ణి చూసి చేస్తాడు.

లోటా మామ కనుబొమ్మను చీల్చింది. మామ మడత కుర్చీ తీసి ఆయప్ప భుజం మీద వేసినాడు. విడిపిద్దామని మధ్యలోకి పోయిన నాకు రెండో దెబ్బ పడింది. పెద్దవాళ్ళిద్దరూ సెనక్కాయ మూటల మీద పడి దొర్లినారు. ఒక మూట చిరిగి, ఆ కాయల మీద జారి ఇద్దరూ మళ్ళీ పడినారు. కూటంలోని మిగతావాళ్ళు మెట్లు దిగి పారిపోయినారు. ఆ తర్వాత వాళ్ళు కూటమే కాదు, చదవడమే మానేసినట్టుండారు.

పారిపోనిది బాగేపల్లి అక్క ఒక్కతే. ఆమె బాగేపల్లిలో బట్టలు కుట్టే అంగడి నడుపుతుంది. బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం కూడా చదివే మనిషి. మాతో మాట్లాడే ఆ ఒక్క ఆదివారం తప్ప ఆమె వేరే యాడికీ పోయేది లేదు. వాళ్ళన్న బస్సులో పిల్చుకొచ్చి, కింద అరుగు మీద కాచుకుని, మళ్ళీ పిల్చుకుపోయేవాడు. ఆ రోజు సద్దు విని ఆయన పైకొచ్చినాడు. మామ పళ్ళ మధ్య పెద్దాయన చొక్కా ఉండాది.

"ఇదేనా మీ సాహిత్యం? పదమ్మా" అన్నాడు.

తర్వాత నేను ఫోన్ చేస్తే వాళ్ళన్నది ఒకే మాట. "కొట్టుకునే తావుకి ఆడబిడ్డను పంపనప్పా. ఇంకోసారి ఇట్లయితే ఇంట్లో పుస్తకం కూడా ఉండదు."

అప్పుడు నాకు తట్టింది, కూటాన్ని కంప్యూటర్లోకి మార్చేద్దామని. చాట్ రూములో చొక్కా పట్టుకోవడానికి కుదరదు కదా! వాళ్ళన్న ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. బాగేపల్లి నెట్ సెంటర్లో చెల్లెలి పక్కనే కూర్చుని ప్రతి ముక్కా తను చదువుతాడు. ఒక్క చెడ్డమాట కనిపిస్తే అంతటితో సరి.

ఇంత ఆలోచించిన నేను ఒక్కటి ఆలోచించలేదు. మామకూ పెద్దాయనకూ ఐడీ తెరవడం రాదు. తెరిచి ఇచ్చేది నేను, నేనుండేది చింతామణిలో. కాబట్టి ఒకరి మొహం ఒకరు చూడకుండా మాట్లాడుకోవడానికి ఇద్దరూ బస్టాండు పక్కనున్న ఒకే నెట్ సెంటరుకి వచ్చినారు. పెద్దాయన దానికోసం తెల్లారకముందే బస్సెక్కినాడంట.

ఒకర్ని ఈ చివరా, ఒకర్ని ఆ చివరా కూర్చోబెట్టి మధ్య క్యాబిన్లో నేను కూర్చున్నాను. కాసేపు తెర మీద అందరూ నమస్కారాలు పెట్టుకున్నారు. మామ తెలివైనవాడు. అక్క వాళ్ళన్న చదువుతాండాడని తెలుసు, అందుకే టైపు చేయలేదు. లేచి నిలబడి ప్లైవుడ్డు మీదుగా నోటితోనే అడిగినాడు.

"అన్నా, మీ తమ్ముణ్ణి ఎప్పుడు నరుకుతాండావు?"

పెద్దాయన నా క్యాబిన్ గుండా వచ్చినాడు. దారి అటు లేదు, అయినా వచ్చినాడు. ప్లైవుడ్డు నా వీపు మీద పడింది. ఆయప్ప మౌస్ తీగను మామ మెడకు చుట్టినాడు. పెనుగులాడుతా పెద్దాయన క్యాబిన్ దాకా పోయి, మామ అక్కడి కీబోర్డుతో ఆయప్ప ముక్కు మీద కొడితే అక్షరాలు ఊడి నేల మీద రాలినాయి. "గలాటె వద్దప్పా, మానిటరప్పా, మానిటరు!" అని నెట్ సెంటరాయన అరుస్తాండాడు. మనుషుల గురించి ఆయన ఏమీ అనలేదు.

అప్పుడు తెర మీద అక్క మాట వచ్చింది. "ఏమి, అందరూ ఊరకైనారు? మళ్ళీ కొట్టుకుంటాండారా అని మా అన్న అడుగుతాండాడు."

"లేదక్కా, ఆలోచిస్తాండారు" అని కొట్టినాను. మామ కుర్చీలోకి దూకి, ఆయన పేరుతో "ఈ నవల్లో భాష చాలా మృదువుగా ఉండాది" అన్నాను. మృదువైన ఆ మామ అప్పుడు పెద్దాయన తలను గోడకేసి కొడతాండాడు. వాళ్ళ కాళ్ళ కింద నుంచి పాకి పెద్దాయన క్యాబిన్ చేరుకునే లోపల నా డొక్కలో ఒక తన్ను పడింది. ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఆయన పేరుతో రాసినాను. "నవల్లో ఆ అన్న చేసింది తప్పే. తమ్ముడితో నీళ్ళు పంచుకోని ఉండాల్సింది."

బాగేపల్లి నుంచి జవాబు అక్కది కాదు. "నేను ఈమె అన్నను. పెద్దాయన న్యాయం మాట్లాడినాడు. ఇట్లాంటివాళ్ళుంటే మా చెల్లెలు ప్రతి ఆదివారం రావచ్చు."

నేను ఊపిరి పీల్చుకోబోతే గొంతు బిగిసింది. మామ చెవి కొరికి వదిలేసి వచ్చిన పెద్దాయన నా కాలరు పట్టుకుని తెర చదువుతాండాడు. ముక్కులోంచి నెత్తురు కీబోర్డు మీద పడతాండాది.

"ఇది ఎవడ్రా రాసింది, నా పేరుతో?"

 చెప్పేలోపలే వీపు మీద ఒక గుద్దు పడింది. అది కొట్టి, ఆ మాట తనది కాదని టైపు చేయడానికి కూర్చున్నాడు. అప్పుడే అక్క అడిగింది. "నిజంగా మీరే రాసినారా అప్పా?"

ఆయప్ప వేలు గాల్లోనే నిలబడిపోయింది. కాదంటే నిజం చెప్పినట్టే. ఆమెను వాళ్ళన్న లేపుకొని పోతాడు. ఆ నవలను చివరిదాకా చదివింది ఆమె, ఈయన, ఇద్దరే. మామ ఎప్పుడూ అట్ట వెనకది చదివి వచ్చేవాడు.

వెతుక్కుంటూ ఒక్కో అక్షరం నొక్కినాడు. "నేనే రాసినానమ్మా."

వెంటనే అక్క రాసింది. "నాకైతే ఆ అన్న పక్కే న్యాయముందనిపిస్తుందప్పా. బోరు వేయించింది ఆయన కదా?"

పెద్దాయన మొహం చూడాల్సింది. ఆయప్ప కేసులో ఇన్నేండ్లుగా లాయరు కూడా చెప్పలేకపోయిన మాట అది. కానీ అక్క పక్కన వాళ్ళన్న చదువుతాండాడు. ముక్కు తువ్వాలుతో అదిమిపట్టి, తన కేసుకు తానే ఎదురు తిరిగి, తమ్ముడి తరఫున వాదించడం మొదలుపెట్టినాడు. ఒక్కో మాట టైపు చేస్తూ మధ్యలో నన్ను తిట్టినాడు. అక్క ఒక్క అంగుళం తగ్గలేదు.

కీబోర్డు మీద సగం అక్షరాలు లేవు. మామ చెవికి తడిగుడ్డ పెట్టుకుని వచ్చి పక్కన నిలబడినాడు. ఏ అక్షరం యాడుండేదో వేలితో చూపించినాడు, కొరుకుతాడేమోనని కొంచెం దూరం నుంచే.