ఒకే మనిషిగా కలిపేసిన ఇద్దరు

ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. ఇన్నేళ్లు మోశాను, ఇక నా వల్ల కాదు.

తొంభైల్లో గుమ్మడిదల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. కార్మికుల రక్తపరీక్షల కాగితాలు కట్టలుగా వచ్చేవి. ఒక గుమాస్తా ముందు మనిషి పేరు రాస్తే, ఇంకొకడు తండ్రి పేరు, మరొకడు ఊరు రాసేవాడు. కంప్యూటర్లో ఒకే మనిషి ముగ్గురైపోయేవాడు. నేనొక ఉపాయం పన్నాను. ఏ వరుసలో రాసినా సరే, ఆ మూడు మాటలూ అవే అయితే ప్రోగ్రాం వాటిని ఒక గుంపులో వేసి ఒకే మనిషిగా తీసుకుంటుంది. మొదట ఎక్కిన పేరునూ, చివర వచ్చిన రిపోర్టునూ ఉంచుకుంటుంది. మేనేజర్ భుజం తట్టాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

తాత పేరు మనవడికి పెడతారన్నది నాకు తట్టలేదు. మా తమ్ముడిదీ తాత పేరే. అయినా ఎందుకు తట్టలేదు?

ఊరు చిట్కుల్, పేరు రాజయ్య, తండ్రి మల్లయ్య. అతని కొడుకు మల్లయ్య, తండ్రి రాజయ్య. ఇద్దరిదీ ఒకే ఊరు, రసాయనాలు కలిపే ఒకే షెడ్డు. నా ప్రోగ్రాంకు ఆ ఇద్దరూ ఒక్కరే.

ఒక మధ్యాహ్నం రాజయ్య మా గది కిటికీ దగ్గరికి వచ్చాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

"సారూ, ఒంట్ల మంచిగుంటలేదు. నా కాయితంల ఏమొచ్చిందో జెర సూడుండ్రి."

తెర మీద రాజయ్య ఆరోగ్యంగా ఉన్నాడు. వయసు ఇరవై రెండు. నా ఎదుట నిలబడ్డ మనిషికి యాభై దగ్గర పడుతున్నాయి. కట్ట విప్పి వెతికితే అతని అసలు కాగితం దొరికింది. కాలేయం చెడింది, వెంటనే ఆ షెడ్డు నుంచి తీసేయాలని డాక్టర్ రాశాడు. రెండుసార్లు చదివాను. మర్నాడే పెద్ద ఆఫీసు వాళ్లు నా ప్రోగ్రాం చూడడానికి వస్తున్నారు.

"బాగానే ఉంది రాజయ్యా. ఏమీ లేదు," అన్నాను.

"గట్లనా. మీరు చెప్పిన్రంటే ఇగ ఫికర్ లేదు," అని నవ్వి షెడ్డుకు పోయాడు.

రెండు రోజులాగి చెబుదామనుకున్నాను. రెండు రోజులయ్యాక, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలి? అలా రోజులు జరిగాయి. నాలుగో నెలలో రాజయ్య పోయాడు. చెప్పి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ తెలియదన్న మాట వెనక దాక్కోవడం కూడా నాకు బాగా అలవాటైంది.

మరుసటి ఏడు పరీక్షలయ్యాక ప్రింటర్ ఒక కాగితం తీసింది. రాజయ్య, ఆరోగ్యంగా ఉన్నాడు. అది కొడుకు రక్తమని తెలిసినా దాన్ని ముట్టుకోవడానికి చేయి రాలేదు. కిటికీ అవతల ఎవరో నిలబడి జవాబు కోసం చూస్తున్నట్టనిపించి తలెత్తాను. మల్లయ్య, తండ్రి చొక్కాలో, తండ్రి నిలబడిన చోటే.

"సారూ, నా కాయితం వచ్చిందా?"

బాగుందని చెప్పాను. ఆ మాట నిజమే, అయినా అతని ముఖం వైపు చూడకుండా చెప్పాను. అతను వెళ్లాక ప్రోగ్రాం సరిచేసి, రాజయ్య పాత కాగితం చించేశాను.

ఆ ఇంటికి వెళ్లి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. యంత్రం పొరబడిందని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆ మధ్యాహ్నం పొరబడింది యంత్రమొక్కటే, నేను పొరబడలేదు. రాజయ్యకు రోగముందని నేను చదివి, లేదని చెప్పాను. ఇది రాశాక మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చుకున్నాను. అందుకూ సిగ్గుగానే ఉంది.