మామయ్య లక్క వేసిన బోల్టు

మొన్న ఖమ్మంలో పాత బండిని సర్వీసుకిచ్చి, అద్దాల గదిలో కూర్చున్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. బండి లోపలికి పోయింది, తలుపు మూసుకుంది, కస్టమర్లు అవతలికి రాకూడదని గోడ మీద రాసి ఉంది. చల్లటి గాలి, ఉచితంగా కాఫీ, ఎదురుగా టీవీ. ఇన్ని మర్యాదలు ఎందుకు చేస్తున్నారా అన్నదే నా మొదటి అనుమానం. కాసేపటికి ఒక అమ్మాయి వచ్చి, ఇంజిను పక్కమూత బోల్టు ఒకటి లోపలే విరిగి ఉందని, ఎవరో పని తెలియని మెకానిక్కు విరగ్గొట్టి ఉంటాడని, డ్రిల్లు పెట్టి తీసేస్తామని నెమ్మదిగా చెప్పింది. ఆ బోల్టు జోలికి మాత్రం పోవద్దన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, సరే మేడమ్ అని వెళ్లిపోయింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా రోజుల్లో బండిని మెకానిక్కుకు వదిలేసి రావడమనేది లేదు. ఇంటి మనిషి ఒకరు షెడ్డు ముందు బల్ల మీద కాపలా కూర్చోవలసిందే. చూపు కాస్త పక్కకు మళ్లితే మంచి సామాను పోయి చెడ్డది వచ్చి చేరుతుందని అందరికీ గట్టి నమ్మకం, అలా పోగొట్టుకున్నవాళ్లెవరని అడిగితే మాత్రం ఒక్కరూ కనపడేవారు కాదు. మా మేనమామ, తర్వాత నాకు మామగారు కూడా అయినాయన, ఈ విద్యలో అందరినీ మించినవాడు. ఏన్కూరు దగ్గర పల్లెలో పోస్టుమాస్టరు. పాలల్లో నీళ్ల సంగతి సరే, పెళ్లిపంక్తిలో వడ్డించేవాడు తనకే కావాలని చిన్న ముక్క వేశాడని కూడా అలిగేవాడు. ఆయన అనుమానించని వస్తువంటూ ఉంటే అది పోస్టాఫీసు ముద్ర ఒక్కటే.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. భద్రాచలం వైపు అడవి అంచు బడి. చేరడానికి ఆఖరి రోజున బందు వచ్చి బస్సులు ఆగిపోయాయి, ఆ సాయంత్రంలోగా బడిలో సంతకం పెట్టకపోతే ఉద్యోగం పోయినట్టే. మామయ్య తన బండి మీద దింపుతానన్నాడు. కానీ క్లచ్చు ముందురోజు నుంచే జారుతోంది, ఏన్కూరులో బాగుచేయించుకుంటే తప్ప అడవి దారిలో సాగదు. తెల్లవారుజామున లేచి చూసేసరికి, మామయ్య అత్తయ్య కూరగాయల కత్తితో ఇంజిను పక్కన ఏదో గీకుతున్నాడు. బురద వదిలిస్తున్నాడనుకున్నాను.

ఏన్కూరులో షెడ్డు, అందరూ భాయి అని పిలిచే మెకానిక్కుది. తండ్రి కాలంలో సైకిళ్లు, స్టవ్వులు బాగుచేసిన కుటుంబం, ఊళ్లో మంచి పేరు. ఆయన మూత విప్పబోతే స్క్రూడ్రైవరు బోల్టు గాడిలో నిలవకుండా జారింది. గట్టిగా నొక్కి తిప్పితే గాడి అంచులే అరిగిపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టాడు, సుత్తితో తట్టి చూశాడు, ఒక్కటీ కదల్లేదు. బల్ల మీద మామయ్య చూస్తూ ఊరుకున్నాడా అంటే, లేదు. ఇంకొకరు విప్పకుండా పోయినసారి నువ్వే ఏదో చేసి ఉంటావని నలుగురిలో అనేశాడు. భాయి పెట్రోలు ట్యాంకు ఊడదీసి దూరంగా పెట్టి, బ్లోలాంపు వెలిగించి మంట చూపించాడు. ట్యాంకు తీసింది మారుద్దామనేమోనని మామయ్య కళ్లు అటే ఉన్నాయి. మంట తగిలేసరికి బోల్టు గాడిలోంచి ఎర్రటి చుక్క జారింది, షెడ్డంతా పోస్టాఫీసు వాసన.

“సాబ్, ఇది మీ లక్క గదా. నేను దొంగతనం జేస్తనని నా పనికి సీలేసిన్రా?” అన్నాడు భాయి.

మామయ్య “అవ్” అన్నాడు.

పోయినసారి క్లచ్చు ప్లేట్లు మారాయేమోనన్న అనుమానంతో, తనకు తెలియకుండా మూత మళ్లీ తీయకూడదని, రిజిస్టరు సంచులకు వేసే లక్క కరిగించి బోల్టులన్నిటి మీదా పోశాడట. విప్పించక తప్పదని తేలాక, భాయి కంటపడితే నామోషీ అని తెల్లవారుజామున గీకేశాడు. పైది పోయింది గానీ గాడిలో దిగింది దిగినట్టే ఉండి, స్క్రూడ్రైవరును నిలవనివ్వలేదు.

భాయి బ్లోలాంపు ఆర్పేసి చేతులు తుడుచుకున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది, నాకు ఏడుపు ఆగలేదు. నా నౌకరి పోతది భాయ్ అన్నాను. ఆయన నా వంక చూసి, “ఏడ్వకు బిడ్డా. నీ నౌకరి కోసం జేస్త, మీ మామ కోసం గాదు” అని, సత్తు పళ్లెం తెచ్చి మామయ్య చేతిలో పెట్టాడు. లక్క కరిగించి, గాడి దొరికిన బోల్టులు స్క్రూడ్రైవరుతోనే తీశాడు; గాడి పోయినవాటిని అంచున ఉలి ఆనించి, ఎడమవైపుకు చిన్నగా కొట్టుకుంటూ కదిపాడు. తీసిన ప్రతి బోల్టునూ ఆ పళ్లెంలో వేసి, చూస్కోన్రి సాబ్ అనేవాడు. ప్రతిసారీ మామయ్య తల ఇంకాస్త వంగేది. చివరిది మాత్రం తల ఊడి, కాండం లోపలే ఉండిపోయింది. దాన్ని తీస్తూ కూర్చుంటే పొద్దు పోతుందని, క్లచ్చు సరిచేసి, ఆ ఒక్క బోల్టు లేకుండానే మూత బిగించి పంపించాడు. హెడ్మాస్టరు బడికి తాళం వేయబోతుండగా చేరాం. నా ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ సంతకంతో మొదలైంది.

తర్వాత ఆ విరిగిన బోల్టును భాయి తీయలేదు, ఉండనియ్యిన్రి గుర్తుకు అని నవ్వేవాడు. అక్కడి నుంచి కారే నూనెచుక్క రోజూ మా వసారాలో పడేది, అత్తయ్య రోజూ తుడిచి తిట్టేది, తర్వాత్తర్వాత ఆ పని నాదైంది. మామయ్య అనుమానం మానలేదు గానీ, అప్పటి నుంచి అదేదో భాయి ముఖం మీదే అనేవాడు, ఆయన కూడా అలాగే బదులిచ్చేవాడు, ఇద్దరూ కలిసి చాయ్ తాగేవారు. భాయి పోయాక మామయ్య ఆ బండిని ఇంకో మనిషి చేతికి ఇవ్వలేదు. నేనే, ఇన్నేళ్లకు, మా ఆయన మాట విని ఖమ్మం తీసుకెళ్లాను.

బండి సాయంత్రానికి ఇంటికొచ్చింది, మెరిసిపోతూ. పొద్దున్నే గుడ్డ పట్టుకుని వసారాలోకి వెళితే నేల పొడిగా ఉంది. ఫోను వెలుగులో వంగి చూశాను: అన్ని బోల్టులూ కొత్తవే, ఒకే తీరున. వాళ్లకు ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు నమస్కారం చెప్పి, సేవ ఎలా ఉందో అంకె నొక్కమంది. మామయ్యకు పోట్లాడటానికి ఎదురుగా భాయి ఉండేవాడు. నేను ఎవరిని అడగాలో తెలియక కాసేపు ఆ గొంతునే విని, ఏ అంకే నొక్కకుండా పెట్టేశాను. గుడ్డ తడవలేదు, అయినా అలవాటుగా ఆ చోటు తుడిచాను.