మీటరు పక్కన అట్టముక్క

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ ఒక్క పేజీని రెండుగా మడిచి పెట్టుకున్నాను. పన్నెండేళ్ల కిందట మా నాయిన బండి వేగానికి, మీటరు చూపే అంకెకు ఎంత తేడా ఉందో నాకు సరిగ్గానే తెలుసు. తెలిసి కూడా నా చేత్తోనే తప్పు లెక్క రాసిచ్చాను.

మొన్న కోదాడ నుంచి సూర్యాపేటకు వస్తుంటే బస్సులో నా పక్క సీటు పిల్ల ఫోనులో దారి పెట్టుకుని చూస్తోంది. ఆ తెర మూలన మేము ఎంత వేగంతో పోతున్నామో అంకెల్లో కనబడుతోంది. యాభై ఎనిమిది, అరవై ఒకటి, అరవై నాలుగు. మునగాల దాటేదాకా నేను కిటికీ వైపు తల తిప్పలేదు, ఆ అంకెల్నే చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చి ఆ మడత విప్పాను.

మా నాయినకు ఒక డీసీఎం, అంటే చిన్న లారీ, ఉండేది. సూర్యాపేట మార్కెట్లో వడ్ల బస్తాలు ఎత్తించుకుని ఒకరోజు మిర్యాలగూడ మిల్లుకు, ఇంకోరోజు కోదాడ మిల్లుకు తోలేవాడు. ఆయనకు మీటరుతో పెద్దగా పని పడేది కాదు. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు నేను మీటరుకు అరచెయ్యి అడ్డం పెడితే, ఇంజను చప్పుడు విని అంకె చెప్పేవాడు. చెయ్యి తీసి చూస్తే ముల్లు అక్కడే ఉండేది. నేను పుట్టకముందెప్పుడో రోడ్డు దాటుతున్న గొర్ల మంద మీదికి బండి పోబోయి వెంట్రుకవాసిలో ఆగిందట. అప్పటినుంచి లోడుతో అరవై దాటనని అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాడు. ఆ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు వానలు బాగా పడ్డాయి. మిర్యాలగూడ దగ్గర మిల్లు దారిలో బండి రెండుసార్లు దిగబడింది. ఉన్నవాటికంటే పెద్ద టైర్లు వేయిస్తే బురదలో తేలిపోతుందని మా మేనమామ సలహా ఇచ్చి, సూర్యాపేటలోని తన మెకానిక్ షెడ్డులోనే వేయించాడు. నాయిన సంబరంగా టెంకాయ కొట్టాడు గానీ, బండిని అటూ ఇటూ నడిపి చూసి వచ్చిన సాయంత్రం ఆయన ముఖంలో ఏదో వెలితి కనబడింది.

"ఏందో బిడ్డా, సప్పుడుకు బండికి పొత్తు కుదుర్తలేదు" అన్నాడు.

చక్రం పెద్దదైతే ఒక చుట్టుకు పోయే దూరం పెరుగుతుంది. అదే ఇంజను చప్పుడుకు బండి ఎక్కువ వేగంగా పోతుంది. అంటే ఇన్నేళ్లు నమ్ముకున్న చెవి కూడా ఆయనకు పనికిరాకుండా పోయిందన్నమాట. నాకు అది వెంటనే తోచింది. అమ్మ కుట్టుపని టేపు పట్టుకుని, ఇంటికి తెచ్చిన పాత టైరు మీద, అదనంగా ఉన్న కొత్త టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, నాయిన ఒక్కొక్కదాన్ని ఒక చుట్టు దొర్లిస్తుంటే నేను నేల మీద గొంతుక్కూర్చుని కొలిచాను. పాతది వంద అంగుళాలు, కొత్తది నూట ఏడు. నూటికి ఏడు తేడా అని నాయినకు అప్పుడే చెప్పాను, మీటరు లెక్క మాత్రం తర్వాత కూర్చుని కట్టాను. "మీటరు అరవై చూపితే బండి నిజంగా పోయేది అరవై నాలుగు" అని ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను. నాయిన కోసం చేసిన మొదటి పెద్దమనిషి పని అదేనని ఎంత మురిసిపోయానో ఆ అక్షరాలు చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

మర్నాడు పొద్దున నాయిన నన్ను షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ మామ, చాయ్ తాగుతున్న నలుగురు డ్రైవర్లు ఉన్నారు. మీటరు తీగ దగ్గర ఉండే చిన్న పళ్ల చక్రం మారిస్తే అంతా సరిపోతుందట, కాని అది రావడానికి వారం పడుతుందట.

"అందాక ఒక అట్టముక్క మీద లెక్క రాసి మీటరు పక్కన అతికించుకో బావా" అన్నాడు మామ. "పెద్ద చక్రం బద్ధకపుది, నిదానంగ తిరుగుతది. మీటరు అరవై అన్నదంటే నువ్వు యాభై ఆరుల పోతున్నట్టు. ఏమే కోడలా, నీ లెక్కల నూటికి ఏడు తేడా వచ్చిందంటివి గద? ఆ ఏడు తీసెయ్, ఖతం."

తీసేయడం కాదు, కలపాలి. చక్రం నిదానంగా తిరిగితే మీటరు తక్కువ చూపుతుందే తప్ప బండి తక్కువ పోదు. 'కాదు మామా' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. నలుగురూ నా వైపే చూస్తున్నారు.

"బెల్లం గొట్టిన రాయి లెక్క నిలవడ్డది సూడు! బుక్కుల సదువు బుక్కులనే ఉంటదేమో" అని ఒకాయన నవ్వాడు.

"దానికి సిగ్గెక్కువ, గంతే. దస్తూరి మాత్రం ముత్యాలే. రాయి కోడలా" అని మామ పెన్ను చేతిలో పెట్టాడు. నేను రాశాను. మామ చెప్పినట్టే వరసగా రాశాను: మీటరు అరవై అంటే యాభై ఆరు, అరవై నాలుగు అంటే అరవై. అట్ట మీద అంకెలు ఎంత అందంగా వచ్చాయో! నాయిన మైదా జిగురుతో దాన్ని మీటరు పక్కన అతికించుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని మార్కెట్ గేటు దగ్గరికి పోయేసరికి బండికి కోదాడ లోడు ఎక్కింది. ఇప్పుడైనా చెప్పాలని దారిపొడవునా మాటలు కూర్చుకుంటూ పోయాను. తీరా చూస్తే మామ బండి తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. గిన్నె అందించాను. నాయిన నవ్వి బండి తీశాడు.

బండి మలుపు తిరిగిపోయింది. నాకు ఫోను లేదు. ఉన్నా, బండి నడిపేటప్పుడు ఆయన ఎత్తడు. అప్పుడే వచ్చిన, కోదాడ పోయే బస్సు ఎక్కేశాను. ఊరు దాటాక ముందర అల్లంత దూరంలో మా బండి వెనక తలుపు కనబడింది. బస్సు డ్రైవరు మీటరు ముల్లు అరవై దగ్గర ఉంది. మా బండి మాత్రం అంతకంతకు చిన్నదైపోతోంది. ఒట్టు తప్పని మనిషి, నా దస్తూరిని నమ్మి ఒట్టు తప్పుతున్నాడు.

అప్పుడు లేచి అరిచాను. "అన్నా, హారన్ కొట్టన్నా! ఆ డీసీఎంను ఆపన్నా!" అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు.

"ఏమ్మా, సినిమా అనుకుంటున్నవా? కూసో" అన్నాడు కండక్టరు. డ్రైవరు మాత్రం నా ముఖం చూసి హారన్ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. అప్పటికే బండి కనుమరుగైంది.

మునగాల దగ్గర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. రోడ్డు నిండా గొర్లు. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. కాపరి రోడ్డు మీదే కూలబడి, నెత్తిన చేతులు పెట్టుకుని ఏడుస్తున్నాడు. మా బండి పొలంలో ఒరిగి ఉంది, వడ్లు బురదలో చల్లినట్టు పడి ఉన్నాయి. నాయినను బయటికి తీస్తున్నారు. ఆయన కుడికాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది.

దవాఖానలో అందరితోనూ ఆయన ఒకటే చెప్పాడు, కునుకు పట్టిందని. ఇన్నేళ్ల డ్రైవరు పట్టపగలు నిద్రపోయాడని మామ తిట్టాడు, షెడ్డులో వాళ్లు నవ్వుకున్నారు. బండి అమ్మేశాం. ఆ కాలుతో ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. సాయంత్రాలు కర్ర ఆనించుకుని మార్కెట్ గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, పోయే బండ్ల చప్పుళ్లు వినేవాడు. అట్టముక్క బురదలో పోయిందనుకున్నాను. పోయింది కదా అని చెప్పకుండానే ఏళ్లు గడిపేశాను.

ఇప్పుడు ఏ బండి ఎంతలో పోతోందో ఫోనే చెబుతోంది. నలుగురి మధ్యలో నిలబడి నోరు విప్పాల్సిన అవసరం ఏ ఆడపిల్లకూ లేదు. నా వయసు వాళ్లకు ఇది హాయిగానే ఉంటుంది. నాకు మాత్రం కాదు. ఫోను పలికే ఆ మాట ఒకనాడు నా నోట్లో ఉండింది.

నిరుడు సూర్యాపేట దవాఖానలో, ఊపిరి కష్టమైన రోజున, నాయిన తన పాత లైసెన్సు సంచి తెమ్మన్నాడు. లైసెన్సు వెనక ఆ అట్టముక్క ఉంది. వెనక జిగురు మరక, ముందు నా ముత్యాల్లాంటి అంకెలు. పోలీసులు రాకముందే, విరిగిన కాలితోనే దాన్ని పీకి జేబులో దాచాడన్నమాట. నేను ఏడుస్తూ చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపి ఒకే ఒక్క మాట అన్నాడు. ఆ మాట అన్నాక రెండు రోజులున్నాడు గానీ నాతో ఇంకేమీ మాట్లాడలేకపోయాడు.

"ఆ దినం షెడ్డుల నీ పెదవులు కదిలినయ్ బిడ్డా, నేను సూసిన. ఏందని అడగకపాయె నా నోరు."