ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో

2023. మద్రాసు జార్జి టౌన్‌లో చేతిబండ్లు తప్ప మరేదీ సరిగా దూరని సందులో, మేడ మీద మా ట్రావెల్ ఆఫీసు. నేను టూర్ మేనేజర్‌ని. అంటే జనాన్ని విదేశానికి తీసుకెళ్ళి, తిప్పి, తిరిగి ఇంటివాళ్ళకు అప్పగించే మనిషిని. ఆ వేసవిలో కొన్ని మద్రాసు తెలుగు కుటుంబాలను బ్యాంకాక్ తీసుకెళ్ళాను.

బయల్దేరేముందు బ్రీఫింగ్ ఉంటుంది. పరాయి దేశంలో ఎలా మసలుకోవాలో చెప్పే ఒక పూట క్లాసు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళే ఉంచుకోండి, జిరాక్సు విడిగా పెట్టుకోండి, మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, ఎవరి ఫోనుకు వాళ్ళు రోమింగ్ వేయించుకోండి, హోటల్ పేరూ నా నంబరూ ఉన్న కార్డు మీ దగ్గరనుంచి కదలకూడదు. నేను చెబుతుంటే జనం కాఫీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

నరసింహులుగారు మద్రాసు పక్కనున్న మనలిలో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య వసంతమ్మ. నేను ఆమెకిచ్చిన కార్డును ఆయనే అందుకుని తన భుజం సంచిలో వేసుకున్నారు. ఆమె పాస్‌పోర్టు అప్పటికే అందులో ఉంది. ఆమె ఫోనుకు రోమింగ్ దండగన్నారు. నేను ఊరుకోలేదు, రెండోసారి చెప్పాను. ఆయన నవ్వారు.

“అన్నీ నా దగ్గరే ఉండాయి కదమ్మా. ఆమె నన్నిడిచి యాడికి పోతాది?”

వసంతమ్మ కూడా నవ్వింది. పెళ్ళైనప్పటి నుంచీ అంతేనట.

బ్యాంకాక్‌లో చివరి రోజు అందరినీ ఒక పెద్ద మాల్‌లో వదిలాం. మధ్యాహ్నం నాకు ఒక నర్సు ఫోన్ చేసింది. నరసింహులుగారు పై అంతస్తులో కుప్పకూలితే మాల్ వాళ్ళు ఆసుపత్రికి చేర్చారట. గుండెపోటు. సంచిలో కార్డు చూసి నాకు చేసింది. ఆయనకు తెలివి ఉంది, భార్య కోసం అడుగుతున్నారు, త్వరగా తీసుకురండి అంది. వసంతమ్మ పాస్‌పోర్టు, అందులో ఆమె ఫొటో, అన్నీ వాళ్ళ ముందే ఉన్నాయి. ఆమె ఎక్కడుందో పాస్‌పోర్టు చెప్పదు కదా.

ఊరంత మాల్. అంతస్తు అంతస్తూ పరుగెత్తాను. మైకులో ఇంగ్లీషులో పిలిపించాను. ఆ యాసలో తన పేరు కూడా ఆమెకు అర్థం కాలేదు. ఆమె ఫోను అక్కడ పనిచేస్తే ఒక్క కాల్‌తో పోయే పని. సాయంత్రానికి ఒక మూల బల్ల మీద కనిపించింది. ఛార్జర్ కొనుక్కొస్తానని ఆయన వెళ్ళినప్పుడు కూర్చున్న బల్ల. సెక్యూరిటీ వాళ్ళు వచ్చి ఏదో అడిగారట, ఏమీ చెప్పలేకపోయింది.

“నేనొచ్చేదాకా ఈడనే ఉండు, కదలొద్దన్నారమ్మా,” అంది నాతో.

మేం వెళ్ళేసరికి ప్రాణం పోయింది. చివరిదాకా తలుపు వైపే చూశారని నర్సు ఇంగ్లీషులో చెప్పింది. దాన్ని వసంతమ్మకు తెలుగులో చెప్పాల్సింది నేను.

మద్రాసు నుంచి ఆమె మరిది నా నంబరుకు ఫోన్ చేస్తే, స్పీకర్ పెట్టి ఆమెకిచ్చాను. “అంతసేపు ఊరికే కూర్చోనుంటావా వదినా? లేచి వెతకొద్దా?” అన్నాడు. ఆమె తల వంచుకుంది. నేను ఫోను లాక్కుని, ఆమె చేతిలో ఏమీ లేకుండా చేసింది మీ అన్నే అని చెప్పాను. పోయినవాళ్ళను అలా అంటావా అని ఆఫీసు నన్ను తర్వాత మందలించింది. ఆ మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

తిరుగు ప్రయాణంలో ఇమిగ్రేషన్ దాటాక పాస్‌పోర్టు వసంతమ్మ చేతికొచ్చింది. రెండడుగులు వేసి దాన్ని నా వైపు చాపింది.

“నువ్వే పెట్టుకోమ్మా. నా కాడుంటే యాడన్నా పోగొడతాను.”

నేను తీసుకోలేదు. ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు.

ఇప్పుడు బ్రీఫింగ్‌లో ఆడవాళ్ళ చేతే నాకు ఫోన్ చేయిస్తాను, హోటల్ పేరు పైకి చెప్పిస్తాను. మగవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. కాగితం చేతిలో పెడితే చాలదని, దాన్ని తాను దాచుకోగలనన్న నమ్మకం కూడా ఆ మనిషికి ఉండాలని ఆ ప్రయాణం నాకు నేర్పింది. ఆ నమ్మకం కలిగించడానికి నాకు దొరికేది ఒక్క పూట. దాన్ని పోగొట్టడానికి నరసింహులుగారికి కాపురమంతా దొరికింది.