మా ఇంట్లో లేని ఎగ్జల్టేషన్

నిన్న సాయంత్రం పక్క ఫ్లాట్‌లో ఎవరో పసిబిడ్డకు దిష్టి తీసి ఎండుమిరపకాయలు మంటలో వేసినట్టున్నారు, ఆ ఘాటు మా హాలంతా నిండి మావాళ్ళు దగ్గుతూ కిటికీలు తెరిచారు. నేను మాత్రం కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చున్నాను. ఘాటు అంత గట్టిగా వచ్చిందంటే బిడ్డకు దిష్టేమీ తగల్లేదని మా అవ్వ లెక్క.

నేను చెప్పేది యాభైల నాటి ఉదయగిరి సంగతి. కొండ మీది సీతాఫలాలు గంపల్లో దిగే రోజులు, పీకిన చెనక్కాయ చెట్లు వాములుగా పేర్చిన కళ్ళాల్లో పచ్చి మట్టివాసన, పొద్దున్నే పొయ్యి మీద సజ్జరొట్టె కాలే కమ్మదనం, కొండ కింద చెక్క చెమ్చాలు చెక్కేవాళ్ళ ఇళ్ళ ముందు మేం దోసిళ్ళతో ఎగరేసుకున్న చెక్కపొట్టు, అన్నీ ఉండేవి. ఒక్కటే ఉండేది కాదు. ఏదైనా బాగుందని పైకి చెప్పే మనిషి ఉండేవాడు కాదు. చెరువు నిండితే "ఏం వానలేబ్బా, తుంపర" అనేవాళ్ళు. బస్తాలకు బస్తాలు చెనక్కాయలు ఇంటికి చేరుతుంటే "ఏదో, ఇత్తనాలకు సరిపోతాయి" అనేవాడు మా నాయన. గచ్చకాయల ఆటలో గెలిచి నేను గంతులేస్తే అవ్వ నా వీపు మీద ఒక్కటి వేసేది. మెట్టసేద్యం మీద బతికే జనం, సంతోషం పైకి కనపడితే దేవుడు వెనక్కి తీసేసుకుంటాడని భయం.

అలాంటి ఊళ్ళో మా ఇంగ్లీషు అయ్యవారు థర్డ్ ఫారంలో, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతిలో, ఒకరోజు బోర్డు మీద ఎగ్జల్టేషన్ అని రాశాడు. సంతోషమా అని అడిగాం, కాదన్నాడు. ఆనందమా అంటే అదీ చాలదన్నాడు. "గెలిచిన మనిషికి ఒళ్ళు తెలియకుండా పొంగుకొచ్చే సంతోషం. పక్కన ఎవరున్నారో కూడా తెలీదు వానికి" అన్నాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. బావి దగ్గర నీళ్ళు చేదుతూ, చేలో పిట్టల్ని తోలుతూ పైకే అనుకునేదాన్ని. ఎంత వెతికినా అలాంటి మనిషి మాత్రం నాకు మా ఇంట్లో కాదుగదా, మా వీధిలోనే కనపడలేదు.

మా ఊళ్ళో నాకు దొరికే చదువు థర్డ్ ఫారంతో సరి. ఆపైన చదవాలంటే ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలుకు వెళ్ళాలి. వారాల తరబడి ఏడ్చి సాధించాను. "ఒక్కసారి తీసకపోతాను. బళ్ళో వాళ్ళు వద్దన్నారంటే మళ్ళా చదువు ఊసెత్తగూడదు, ఇంటికాడ గొడ్లు చూసుకోవాల" అన్నాడు నాయన. సరేనన్నాను. సరేననక చేసేదేముంది?

బొగ్గు మండించి నడిపే బొగ్గుబస్సులో, మసిపట్టిన నల్లటి ముఖాలతో ఆత్మకూరులో దిగాం. హెడ్మాస్టరు కృష్ణా వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. నాచేత ఒక పేజీ ఇంగ్లీషు రాయించుకుని, చదివి, "మీ అమ్మాయి చాలా బాగా రాసిందండీ" అన్నాడు నాయనతో.

నాయన అలవాటు కొద్దీ తల అడ్డంగా ఊపాడు. "ఏం బాగులే అయ్యా. దానికేమొస్తాది. ఎవురో చెప్పింది గుర్తు పెట్టుకోని గీకుంటాది. ఇంటికాడ పుస్తకమే ముట్టదు."

మా ఊళ్ళో అయితే ఆ మాటకు అందరూ నవ్వి, పిల్ల గట్టిదే అనుకునేవాళ్ళు. ఆయనకు అదేం తెలుసు? నా పేరు రాయబోతున్న కలం కింద పెట్టేశాడు. "కన్నతండ్రి మీరే అంటున్నారు గదా. ఈ ఏడు ఇంటి దగ్గరే గట్టిగా చదివించి పై ఏడు తీసుకురండి" అన్నాడు.

పై ఏడంటే ఇంకేముంది, నా చదువు అయిపోయినట్టే. వరండాలోకి వచ్చి స్తంభాన్ని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన కాసేపు నా వైపు, కాసేపు ఆ గది వైపు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచాడు.

"అయ్యా, ఇందాక నేను చెప్పినాది అబద్దం" అన్నాడు. "మా పక్క బిడ్డల్ని పైకి మెచ్చుకోము, దిష్టి తగల్తాదని. నా బిడ్డకొచ్చినంత ఇంగ్లీషు మా ఊళ్ళో ఇంకో బిడ్డకు రాదు. అన్నం తింటా చదవతాది, గొడ్ల కాడా చదవతాది. ఏదన్నా అడగండి దాన్ని. మీ ఇష్టమొచ్చింది అడగండి." గొంతు పెరిగిపోయి వరండాలో వాళ్ళంతా గుమ్మం దగ్గరికి వచ్చారు.

హెడ్మాస్టరు నావైపు తిరిగి, ఈమధ్య నువ్వు నేర్చుకున్న పెద్దమాట ఒకటి చెప్పమన్నాడు. ఎగ్జల్టేషన్ అన్నాను. అర్థం కూడా చెప్పి, "మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ రాలేదండీ" అన్నాను. ఆయన కడుపుబ్బ నవ్వి నా పేరు రాసుకున్నాడు.

అప్పుడు చూశాను. నాయన మెట్లు దిగుతూనే తువ్వాలు ఆకాశంలోకి ఎగరేసి "గెలిచినాదిరా నా బిడ్డ" అని అరిచాడు. బజారులో జిలేబీ కొని ముక్కూ ముఖం తెలియనివాళ్ళ చేతుల్లో పెట్టాడు. బస్సు కండక్టరుకు చెప్పాడు, కోళ్ళగంపతో ఎక్కిన ముసలమ్మకు చెప్పాడు, ఆమెకు వినపడలేదంటే మళ్ళీ చెప్పాడు. ఆయన పక్కన నేను రాణిలా కూర్చున్నాను. అంత గొప్పగా నాకు ఎన్నడూ అనిపించలేదు. ఇంటికి చేరాక అవ్వ హడలిపోయి, "మెల్లిగా చెప్పరా, ఊరి కండ్లన్నీ పడతాయి" అంది. "పడనీమ్మా" అన్నాడు నాయన, మెల్లిగా కాకుండానే.

తర్వాత నేను ఇంగ్లీషు టీచరునై ఆ మాట ఎన్నో క్లాసుల్లో చెప్పాను. ఇప్పుడు బొగ్గుబస్సుల్లేవు, ఫారాలు లేవు, నాయనా లేడు. మా మనవరాలికి మంచి మార్కులు వస్తే నిమిషంలో ఫోన్లలో అందరికీ తెలిసిపోతుంది, అందరూ మెచ్చుకుంటారు, నేనూ మురిసిపోతాను. కానీ కూతుర్ని పొగడడానికి దేవుడికి జడిసిన మనిషి, ఆమె కోసం ఆ జడుపును బడి మెట్ల మీద పారేసి అరిచిన అరుపు ఎలా ఉంటుందో ఈ పిల్లలకు ఎలా చెప్పను? నేను విన్నాను. అది నా గురించే.