గొంతక్క ముఖం

ఆ ఇంట్లో దాహమేసినా ఎవరూ మంచినీళ్ళు మామూలుగా అడగరు. తండ్రి అడిగితే ఎడారిలో దారి తప్పిన బాటసారి అడిగినట్టుంటుంది, తమ్ముడు అడిగితే యుద్ధంలో నేలకొరిగిన సేనాని అడిగినట్టుంటుంది. నాలుగు తరాలుగా నాటకాన్నీ సినిమానీ నమ్ముకుని బతికిన కుటుంబం మరి. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే కాలంలో నాయనమ్మ వేదిక ఎక్కింది. మొదటి ఏడాది రాళ్ళు వేయించుకుని, రెండో ఏడాది పూలు వేయించుకున్న మనిషి ఆమె. తండ్రి హాస్యనటుడు. నాటకాల్లోనూ సినిమాల్లోనూ జనాన్ని కడుపుబ్బ నవ్వించి, ఇంట్లో మాత్రం టీ చల్లారిందని రోజూ పోట్లాడేవాడు. తమ్ముడు వెండితెర మీద పదిహేనేళ్ళు హీరోగా వెలిగి, జుట్టు పలచబడ్డాక తండ్రి వేషాల్లోకి దిగాడు. తమ్ముడి భార్య ఒకప్పుడు అతని పక్కన నాయిక. వాళ్ళ కూతురు ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న నటి.

అందరికీ తెలిసిన ఇన్ని ముఖాల మధ్య ఎవరికీ తెలియని ముఖం ఒకటుంది. అది ఆ హాస్యనటుడి పెద్ద కూతురిది, ఆ హీరో అక్కది. స్టూడియోల్లో ఆమెను అందరూ గొంతక్క అనేవాళ్ళు. ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, ఒక్కోసారి కన్నతండ్రే “గొంతక్కా, కాస్త ఇటు రా” అని పిలిచి నాలుక కరుచుకునేవాడు.

ఆమె చిన్నప్పుడే నాయనమ్మ నాటకంలో తప్పిపోయిన పిల్లగా వేదిక ఎక్కింది. పులి కడుపున మేకలు పుడతాయా అన్నారు చూసినవాళ్ళు. ఇరవయ్యో ఏట సినిమాలో నాయిక వేషం వచ్చింది. కొలతలు తీసి దుస్తులు కుట్టారు. షూటింగ్ మొదలవబోయే వారంలో ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ నోరు పుక్కిలిస్తే నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమవైపు నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను మూతపడటం లేదు, మూతి పక్కకి జారిపోయింది.

“ముఖంలో నరం దెబ్బతింది. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది” అన్నాడు డాక్టరు. ఆమెకు ముప్పావు వంతు సర్దుకుంది. మిగిలిన పావు వంతు అలాగే ఉండిపోయింది. నవ్వితే కుడి పెదవి నవ్వేది, ఎడమ పెదవి ఎవరో పిలవాలన్నట్టు ఆగిపోయేది.

వేషం ఇంకో అమ్మాయికి వెళ్ళింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ అమ్మాయికి అందం ఉంది గానీ మాట సరిగా పలకదు. దర్శకుడు మొహం చెల్లకపోయినా వచ్చి, ఆ పాత్రకి గొంతు మాత్రం ఇవ్వమని అడిగాడు. ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నాయనమ్మ తలుపు కొట్టలేదు. బయటే కుర్చీ వేసుకుని కూర్చుని, వెనక వరుస వాళ్ళకి కూడా వినబడే తన గొంతుతో చెప్పింది. “వేషం ఎటూ పోయింది. గొంతు కూడా పోగొట్టుకుంటావా ఏమిటే? ఆ పిల్ల నోట్లోంచి మాట్లాడేది నువ్వే అవుతావు. ఏడుపు ఆపి వెళ్ళు. ఏడవాల్సిన సీను ఉంటే అక్కడ ఏడువు, డబ్బులన్నా ఇస్తారు.”

ఆమె వెళ్ళింది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తన కోసం కుట్టిన దుస్తుల్లో తెర మీద ఇంకొకరు నడుస్తుంటే, ఆ పెదాల కదలికకు తన మాట అతికించింది. మొదటి రోజు ఆమెకు గుండె కోసినట్టయింది. మూడో రోజుకి ఆ అమ్మాయి ఎక్కడ ఊపిరి పీలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో తెలిసిపోయింది. వారం తిరిగేసరికి ఆ తడబాటునే బెరుకుగా, బెరుకునే ప్రేమగా మార్చేసింది. సినిమా ఆడింది. నాయిక గొంతు విని జనం చెవులు కోసుకున్నారు.

ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆ గొంతుకి తీరిక లేదు. పొద్దున పెళ్ళికూతురికి, మధ్యాహ్నం ఆ పెళ్ళికూతుర్ని సాధించే అత్తకి, సాయంత్రం ఇద్దర్నీ హడలగొట్టే దయ్యానికి. ఒకసారి చిలక్కి కూడా. ఒక సినిమాలో జుట్టూ జుట్టూ పట్టుకున్న ఇద్దరాడవాళ్ళకీ ఆమె ఒక్కతే గొంతిచ్చింది. సౌండ్ ఇంజినీరు పొట్ట పట్టుకుని నవ్వుతూ, “అక్కా, చివరికి ఎవరు గెలిచారు?” అనడిగాడు.

“నాకు ముందు టీ ఎవరు ఇప్పిస్తే వాళ్ళు” అందామె.

పని బాగుంది, పేరు బాగుంది. ముఖం మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కుటుంబమంతా ఫోటో దిగేటప్పుడు ఆమె కెమెరా తనే పట్టుకునేది. కాదూ కూడదంటే ఎవరి భుజం వెనకో ఎడమ చెంప దాచుకుని నిలబడేది.

ఆమెకు అరవై నిండిన ఏడాది, తమ ఊళ్ళో నాయనమ్మ ఆడిన పాత నాటకశాలని బాగుచేసి మళ్ళీ తెరవబోతున్నారని తెలిసింది. కన్నాలు పడిన కప్పు మార్చారు, కుర్చీలకి కొత్త గుడ్డ వేశారు. నిర్వాహకులు ఇంటికొచ్చి, “మొదటి నాటకం మీ ఇంటిల్లిపాదీ ఆడాలి. మీ కుటుంబానికి మేం చేసే సన్మానం అదే” అన్నారు. తండ్రికి ఎనభై నాలుగేళ్ళు. ఆ మాట వినేసరికి కుర్చీలోంచి చేతికర్ర లేకుండానే లేచాడు.

నాయనమ్మకి పేరు తెచ్చిన రాణి నాటకాన్నే ఆయన ఎంచుకున్నాడు. శత్రువు చుట్టుముట్టిన కోట. తలుపు తెరిచినవాళ్ళకి దేశబహిష్కారమని రాణి శాసనం. బయట ఆకలితో అల్లాడుతున్న జనాన్ని చూడలేక తలుపు తెరిచింది రాణి కూతురే. ఇప్పుడు తీర్పు చెప్పాల్సింది తల్లి. రాణిగా మరదలు, కూతురిగా మేనకోడలు, మంత్రిగా తమ్ముడు, ముసలి కాపలావాడిగా తండ్రి. గొంతక్కకి తెర వెనక ప్రకటనలు చదివే పని.

రిహార్సళ్ళు సగంలో ఉండగా మరదలి గొంతు బొంగురుపోయి, చివరికి మూగబోయింది. స్వరతంత్రుల మీద చిన్న బుడిపె ఉందనీ, నెల రోజులు నోరు మెదపకూడదనీ డాక్టరు చెప్పాడు. నాటకం రెండు వారాల్లోకి వచ్చేసింది. అప్పుడు తమ్ముడికి ఉపాయం తట్టింది.

“అక్కా, నీకు కొత్తేముంది? తను వేదిక మీద పెదాలు కదుపుతుంది. నువ్వు పక్క తెర చాటున మైకు దగ్గర నిలబడి మాట్లాడు. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనేగా!”

“సరే, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు చూపించు చాలు” అందామె. ఆమెకు హాయిగా కూడా అనిపించింది. చీకటి తనకి అలవాటైన చోటు.

మర్నాడు తీర్పు సీను మొదలుపెట్టారు. మరదలు నడివేదిక మీద కిరీటంతో నిలబడి పెదాలు కదిపింది. తెర చాటు నుంచి మాట వచ్చింది. రెప్పపాటు కూడా తేడా లేదు. కానీ సంకెళ్ళతో ఎదురుగా నిలబడ్డ మేనకోడలు రాణిని చూడటం లేదు. ఆమె కళ్ళు పదే పదే పక్క తెరవైపు వెళ్ళిపోతున్నాయి.

“ఎటు చూస్తున్నావమ్మా? మీ అమ్మ ఇక్కడుంది!” అని తమ్ముడు అరిచాడు.

“ఏం చేయను నాన్నా? నన్ను తిడుతున్నది అక్కడినుంచి. నాకు ఏడుపొస్తున్నది అక్కడినుంచి. అమ్మని చూస్తే ఏడుపు ఆగిపోతోంది.”

మరదలు వెనక్కి తిరిగింది. కిరీటం తీసింది. నేరుగా పక్క తెర దగ్గరికి నడిచి, గొంతక్క చేతిలోని మైకు లాక్కుని పక్కన పెట్టి, ఆ కిరీటం ఆమె నెత్తిన పెట్టింది. డాక్టరు మాట కాదని ఒకే ఒక్క మాట గుసగుసగా అంది. “ఇది నీ వేషం వదినా.”

గొంతక్క కిరీటం తీసి మరదలి చేతిలో పెట్టేసి, దుస్తులు భద్రపరిచే గదిలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి కర్ర చప్పుడు చేసుకుంటూ తండ్రి వచ్చాడు. పాత దుస్తుల పెట్టె మీద ఆమె పక్కనే కూలబడ్డాడు.

“మీ నాయనమ్మ ముందు పళ్ళు రెండు ఊడిపోయాక కూడా పదహారేళ్ళ పిల్ల వేషం వేసింది, తెలుసా? ఎవరికీ పళ్ళు గుర్తుకు రాలేదు.”

“పళ్ళ సంగతి వేరు నాన్నా. నేను నవ్వితే సగమే నవ్వుతాను.”

“ఈ నాటకంలో రాణి ఎక్కడ నవ్వుతుంది? నవ్వించడానికి నేనున్నాగా. ఆ పని నాకొదిలెయ్.”

ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. “జనం జాలిపడతారు నాన్నా. అది భరించలేను.”

ముసలాయన ఈసారి హాస్యమాడలేదు. “పడతారు. మొదటి రెండు మాటల వరకూ పడతారు. మూడో మాటకి కూడా పడుతున్నారంటే తప్పు వాళ్ళది కాదు, నీ నటనది. నీకు నటన రాదని చెప్పు, ఇప్పుడే లేచి వెళ్ళిపోతాను.”

ఆమె ఆ మాట చెప్పలేకపోయింది. ఏ ఇంట్లో పుట్టిందో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేని మాట అది.

మర్నాటి నుంచి రాణి ఆమే. మాటల్లో వంక పెట్టడానికి లేదు గానీ కాళ్ళు మొరాయించాయి. నలభై ఏళ్ళు ఒకేచోట నిలబడి మాట్లాడిన మనిషాయె. “అత్తా, మైకు వదిలెయ్! లేని మైకుని పట్టుకుని నిలబడ్డావు!” అని మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుని వేదికంతా తిప్పింది. మరదలు నోరు మెదపకుండా, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తిరగాలో సైగలతో చూపించింది. తమ్ముడు మాత్రం, అక్కకి ఎడమ పక్క నీడ పడేలా దీపాలు మార్చమన్నాడు.

“మార్చొద్దు. నా రెండు చెంపల మీదా వెలుతురు ఉండాలి” అందామె.

ఎందుకంటే అప్పటికి ఆమె ఇంట్లో అద్దం ముందు చాలాసేపు కూర్చుని ఉంది. ఇరవయ్యో ఏటి తర్వాత తన ముఖాన్ని అంతసేపు చూసుకోవడం అదే మొదలు. కుడివైపు ముఖంలో తల్లి ఉంది. బెదురు, ప్రేమ, దుఃఖం అన్నీ కదులుతున్నాయి. ఎడమవైపు ఏమీ కదలదు. రాతిలో చెక్కిన రాణి అది. శాసనం చదివేటప్పుడు ఎటు తిరగాలో ఆమెకు అప్పుడు తెలిసింది.

నాటకం రోజు సాయంత్రం శాల కిటకిటలాడింది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. తండ్రి కాపలావాడిగా వచ్చి, కర్ర కిందపడేసుకుని, వంగలేక దాన్ని బతిమాలుకుంటే హాలు విరగబడి నవ్వింది. ఆ నవ్వు అణగకముందే రాణి వచ్చింది. కొత్త మనిషి. వంకరగా ఉన్న మూతి, రెప్ప సరిగా పడని కన్ను. ముందు వరుసలో ఎవరో అయ్యో అన్నట్టు నాలుకతో చప్పరించడం ఆమెకు వినబడింది.

ఆమె మొదటి మాట అంది. “కోట తలుపు తెరిచిందెవరు?”

అంతే. హాలు మధ్యలోంచి ఒక ఆడమనిషి పైకే అనేసింది, “అయ్యో, ఈ గొంతు మనకి తెలుసే!” ఆ మాట ఒక వరుస నుంచి ఇంకో వరుసకి పాకింది. వాళ్ళు తమ చిన్నతనంలో ప్రేమించిన నాయికలు, భయపడ్డ అత్తలు, తమతో పాటు ఏడ్చిన తల్లులు, అందరూ ఒక్క మనిషిగా ఎదురుగా నిలబడి ఉన్నారు. మొదట అటో ఇటో రెండు చప్పట్లు పడ్డాయి. తర్వాత హాలంతా లేచి నిలబడింది.

ఆమె ఆ చప్పట్లకి తలవంచలేదు. రాణి కదా, వంచకూడదు. అవి ఆగేదాకా నిలబడి, రెండో మాట అంది. ఆ తర్వాత చివరిదాకా ఎవరూ దగ్గలేదు కూడా. తీర్పు చెప్పేటప్పుడు ఎడమ చెంప జనానికి చూపిస్తూ, అణువంతైనా కదలని ముఖంతో శాసనం చదివింది. సైనికులు కూతుర్ని తీసుకుపోతుంటే మెల్లగా ఇటు తిరిగింది. కుడి కంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. మేనకోడలు ఏ తెరవైపూ చూడలేదు. అత్త ముఖం మీద నుంచి చూపు తిప్పుకోలేక, వెళ్ళాల్సిన సమయానికి అడుగు కూడా కదపలేకపోయింది. సైనికుడి వేషంలో ఉన్న కుర్రనటుడు ఆమెను నిజంగానే లాక్కెళ్ళాల్సి వచ్చింది.

తెర పడ్డాక అయిదుగురూ చేతులు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. మరదలు వేషం లేకపోయినా వచ్చి నిలబడింది. జనం ఎంతకీ కదలరు. తమ్ముడు అక్కని ముందుకు తోశాడు. ఫోటోలు తీసేవాళ్ళు ఎగబడ్డారు. ఆమె ఎవరి భుజం వెనక్కీ వెళ్ళలేదు. ముఖమంతా చూపిస్తూ నవ్వింది. సగమే అయినా, ఆ నవ్వు వెనక వరుసదాకా వెళ్ళింది.

తెర వెనక్కి వచ్చాక తండ్రి ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఏదో ఆశీర్వచనం అనుకుంది.

“రెండో అంకంలో కొంచెం తొందరపడ్డావు” అన్నాడాయన. ఆ ముక్క చెప్పి, కళ్ళద్దాలు తీసి, వేషం చొక్కాతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

నెల తిరిగేసరికి మరదలి గొంతు బాగుపడింది. నాటకానికి ఊరూరా పిలుపులొస్తున్నాయి. మళ్ళీ రాణి వేషం వేస్తావా అని తమ్ముడు భార్యని అడిగాడు.

“ఆ వేషం వదినది. నాకు మంత్రి వేషం ఇవ్వండి” అంది మరదలు.

“మరి నేను?”

“మీరు తెర లాగండి. జుట్టు తక్కువైనా చేతుల్లో బలం ఉందిగా.”

ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నారు. తమ్ముడు సేనానిలా గుండె పట్టుకుని కూలిపోయాడు గానీ, ఎవరూ మంచినీళ్ళు తేలేదు. గొంతక్క అప్పటికే పెట్టె సర్దుతోంది. సాయంత్రం పక్క ఊళ్ళో ఆట ఉంది, రెండో అంకం ఇంకోసారి చూసుకోవాలి.